తండ్రి మాటకు ఇంజినీరింగు.. తన మనసుకు అణుశాస్త్రం

జనవరి 24 హోమీ భాభా వర్ధంతి

పాలకోడేరు: ఇంజినీరింగు చదవాలన్నది తండ్రి కోరిక. భౌతికశాస్త్రం చదవాలన్నది కొడుకు పట్టుదల. ఈ పేచీ మన జిల్లాలో ఏ ఇంట విన్నా కొత్తగా తోచదు. దాదాపు వందేళ్ల కిందట బొంబాయిలోని ఒక పార్సీ కుటుంబంలోనూ ఇదే పేచీ నడిచింది. తండ్రి మాట తీసివేయకుండా కొడుకు మెకానికల్ ఇంజినీరింగు పూర్తిచేశాడు. తన కోరికనూ వదులుకోకుండా ఆ తరువాత పరమాణు కేంద్రకం దాకా ప్రయాణించాడు. ఆ కొడుకే భారత అణుశక్తి కార్యక్రమానికి ఆద్యుడైన హోమీ జహంగీర్ భాభా. అయిష్టంగా చదివిన యంత్రశాస్త్రం, ఇష్టపడి చదివిన అణుశాస్త్రం చివరకు ఆయన చేతిలో ఒక్కటయ్యాయి. 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. అప్పటికి ఆయన వయసు 56 సంవత్సరాలే.

ఉక్కు కర్మాగారం ఎదురుచూపు

హోమీ 1909 అక్టోబర్ 30న బొంబాయిలో జన్మించారు. తండ్రి జహంగీర్ హోర్ముస్‌జీ భాభా ఇంగ్లండులో చదువుకున్న న్యాయవాది. తాత హోర్ముస్‌జీ మైసూరు సంస్థానంలో విద్యాశాఖను నడిపిన అధికారి. తల్లి మెహర్‌బాయి బొంబాయిలోని ప్రసిద్ధ పారిశ్రామిక కుటుంబమైన పెటిట్‌ల వంశానికి చెందినవారు. మేనత్త భర్త సర్ దొరాబ్జీ టాటా. జంషెడ్జీ టాటా కలగన్న ఉక్కు కర్మాగారాన్ని జంషెడ్‌పూర్‌లో నిలబెట్టిన వ్యక్తి ఆయనే. హోమీకి జంషెడ్ అనే తమ్ముడు ఉన్నాడు.

పిల్లవాడికి చిన్నతనంలో నిద్ర తక్కువగా ఉండేదని, కలవరపడిన తల్లిదండ్రులు వైద్యులకు చూపించారని, మెదడు చురుకుదనమే అందుకు కారణమని వైద్యులు ధైర్యం చెప్పారని ఆయన జీవితకథల్లో కనిపిస్తుంది. ఇనుప ముక్కలూ మరలూ బిగించి నమూనా యంత్రాలు కట్టే మెకానో ఆటసామాను హోమీకి ప్రీతిపాత్రం. పెట్టెతో పాటు వచ్చే పుస్తకంలోని నమూనాలను పక్కనబెట్టి సొంత నమూనాలు కట్టేవాడు. ఇంట్లో తాతగారు, తండ్రి కూడబెట్టిన పుస్తకాల గది ఉండేది. పాశ్చాత్య సంగీతపు గ్రామఫోను రికార్డులు ఉండేవి. మేనత్త ఇంట జరిగే సంభాషణల్లో ఉక్కు, జలవిద్యుత్తు వంటి మాటలు చెవినపడేవి. బొంబాయిలోని కెథడ్రల్ అండ్ జాన్ కానన్ పాఠశాలలో చదువుతుండగానే ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని పుస్తకాల సాయంతో చదివి అర్థం చేసుకొనే ప్రయత్నం చేశాడు. ఆ తరువాత ఎల్ఫిన్‌స్టన్ కళాశాల, రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లలో చదువు సాగింది.

అప్పటికే పెద్దలు అతని దారి నిర్ణయించారు. ఇంగ్లండు వెళ్లి మెకానికల్ ఇంజినీరింగు చదవాలి. తిరిగివచ్చి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలి. తండ్రి, మామ ఇద్దరిదీ ఒకే మాట. 1927లో హోమీ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని గోన్‌విల్ అండ్ కీస్ కళాశాలలో చేరాడు. దొరాబ్జీ టాటా చదివిన కళాశాల కూడా అదే.

రెండు పట్టాల ఒప్పందం

కేంబ్రిడ్జిలో ఇంజినీరింగు చదువును ఆనాడు మెకానికల్ సైన్సెస్ ట్రైపాస్ అని పిలిచేవారు. ట్రైపాస్ అంటే ఆ విశ్వవిద్యాలయంలో పట్టభద్ర స్థాయి పరీక్ష. హోమీ తరగతులకు హాజరయ్యేవాడు, పాఠాలు శ్రద్ధగానే చదివేవాడు. మనసు మాత్రం పక్కనే ఉన్న గణిత, భౌతికశాస్త్రాల వైపు లాగేది. పదార్థం గురించి అంతవరకూ ఉన్న భావాలన్నీ తలకిందులవుతున్న కాలమది. క్వాంటం సిద్ధాంతానికి పునాదులు పడుతున్నాయి. ఆ పునాదులు వేస్తున్నవారిలో ఒకరైన పాల్ డిరాక్ అదే ఊళ్లో పాఠాలు చెబుతున్నారు.

1928లో హోమీ తండ్రికి ఒక దీర్ఘమైన లేఖ రాశాడు. వ్యాపారం గానీ, ఇంజినీరు ఉద్యోగం గానీ తన స్వభావానికి సరిపడవని అందులో విన్నవించుకున్నాడు. పెద్ద సంస్థకు అధిపతి కావాలన్న ఆశ తనకు లేదని, ఆ పనికి తగినవారు వేరే ఉన్నారని, భౌతికశాస్త్రంలో మాత్రం తాను గొప్ప పని చేయగలనన్న నమ్మకం ఉందని వివరించాడు. ఏ మనిషి అయినా తాను ప్రాణంగా ప్రేమించే పనిలోనే రాణించగలడన్నది ఆ లేఖ సారాంశం. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు.

జహంగీర్ భాభా కోపగించుకోలేదు, లొంగిపోనూ లేదు. కొడుకు ముందు ఒక షరతు ఉంచారు. మెకానికల్ ట్రైపాస్‌లో మొదటి తరగతి తెచ్చుకోవాలి. తెచ్చుకుంటే మరో రెండేళ్లు అక్కడే ఉండి గణితం చదవడానికి ఖర్చు తానే భరిస్తానన్నారు. కొడుకు ఒప్పుకున్నాడు. 1930లో మెకానికల్ సైన్సెస్ ట్రైపాస్‌లో మొదటి తరగతి సాధించాడు. తండ్రి మాట నిలబెట్టుకున్నారు. 1932లో గణిత ట్రైపాస్‌లోనూ హోమీకి మొదటి తరగతి దక్కింది. జంషెడ్‌పూర్‌కు ఇంజినీరు రాలేదు. అదే ఏడాది దొరాబ్జీ టాటా కన్నుమూశారు. మేనల్లుడిని ఉక్కు కర్మాగారంలో చూడాలనుకున్న ఆయన కోరిక తీరలేదు. అయితే ఆయన తన ఆస్తితో ఏర్పాటు చేసిన ధర్మనిధి తరువాతి కాలంలో ఆ మేనల్లుడి పరిశోధనకు ఆసరా కావడం గమనార్హం.

కావెండిష్ రోజులు

హోమీ పరిశోధనలో అడుగుపెట్టిన 1932వ సంవత్సరం అణుశాస్త్ర చరిత్రలో మరువరానిది. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలకు ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ అధిపతి. ఆ ఏడాదే అక్కడ జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నారు. కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ యంత్రంతో వేగం పెంచిన కణాలను ప్రయోగించి లిథియం కేంద్రకాన్ని చీల్చారు. అమెరికాలో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను గుర్తించారు. అణుశక్తి అనే మాటకు అర్థం కల్పించిన పరిశోధనలన్నీ ఆ కొద్ది గదుల చుట్టూ సాగుతుండగా ఇరవై రెండేళ్ల భారతీయ యువకుడు వాటి మధ్య ఉన్నాడు.

హోమీ మొదటి పరిశోధన పత్రం 1933లో జర్మన్ భాషా పత్రికలో వెలువడింది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలను పదార్థం ఎలా పీల్చుకుంటుందన్నది అందులోని అంశం. ఐజాక్ న్యూటన్ పేరిట ఇచ్చే విద్యార్థి వేతనం లభించింది. జ్యూరిక్‌లో పౌలీ వద్ద, రోమ్‌లో ఫెర్మీ వద్ద, కోపెన్‌హేగెన్‌లో నీల్స్ బోర్ వద్ద కొంత కాలం పనిచేశాడు. రాల్ఫ్ ఫౌలర్ పర్యవేక్షణలో 1935లో డాక్టరేటు అందుకున్నాడు.

ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఒకదానికొకటి ఎదురైనప్పుడు ఎంత మేర చెదురుతాయో ఆ రోజుల్లోనే ఆయన లెక్కగట్టారు. దానికి శాస్త్రలోకం భాభా స్కాటరింగ్ అని పేరు పెట్టింది. ఎలక్ట్రాన్, పాజిట్రాన్లను ఢీకొట్టించే పెద్ద యంత్రాల్లో తాకిడుల సంఖ్యను అంచనా కట్టడానికి ఈ లెక్కనే కొలబద్దగా వాడుతున్నారు.

విశ్వకిరణాల జల్లు

భాభాకు అంతర్జాతీయ కీర్తి తెచ్చింది 1937 నాటి పత్రం. నాజీల జర్మనీ నుంచి వచ్చి ఇంగ్లండులో తలదాచుకున్న వాల్టర్ హైట్లర్‌తో కలిసి దాన్ని రాశారు. విశ్వకిరణాలు నేలకు చేరేటప్పుడు ఒక్కసారిగా గుంపులు గుంపులుగా కణాలు కనబడటం ఎందుకన్నది అప్పటి చిక్కుప్రశ్న. అధిక శక్తిగల ఒక ఎలక్ట్రాన్ పైగాలిలో ప్రవేశించి ఏదైనా పరమాణు కేంద్రకం పక్కగా పోయినప్పుడు ఒక కాంతికణాన్ని వెదజల్లుతుంది. ఆ కాంతికణం మరో కేంద్రకం వద్ద ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుతుంది. ఆ రెండూ మళ్లీ కాంతికణాలను ఇస్తాయి. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలినట్టు ఒక్క కణం శక్తి పాయపాయలుగా చీలుతూ వేల కణాల జల్లుగా నేలకు దిగుతుంది. ఎంత లోతుకు ఎన్ని కణాలు ఉండాలో భాభా, హైట్లర్ లెక్కకట్టి చూపారు. ప్రయోగాల్లో కనబడిన సంఖ్యలతో ఆ లెక్క పొసగింది.

ఎలక్ట్రాన్ కన్నా బరువైన ఒక కొత్త కణం విశ్వకిరణాల్లో ఉందని తేలినప్పుడు దానికి మీసోట్రాన్ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది. గ్రీకు మూలాన్ని బట్టి మీసాన్ అనడమే సబబని 1939లో భాభా సూచించారు. ఆ పేరే స్థిరపడింది.

చదువు మధ్యలో కుంచె వదలలేదు. కళాశాల పత్రికకు ముఖచిత్రాలు గీశారు. విద్యార్థుల ప్రదర్శన కోసం మొజార్ట్ సంగీత నాటకానికి రంగస్థల అలంకరణ రూపొందించారు.

సెలవులకు వచ్చి ఉండిపోయారు

1939లో భాభా సెలవులకు స్వదేశం వచ్చారు. సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. తిరుగు ప్రయాణం ఆగిపోయింది. అప్పటివరకూ ఆయన ఆలోచన ఐరోపాలోనే కొనసాగాలన్నది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో భౌతికశాస్త్ర విభాగానికి అప్పుడు సి.వి.రామన్ ఆచార్యులుగా ఉన్నారు. అక్కడ భాభా రీడరుగా చేరారు. దొరాబ్జీ టాటా ధర్మనిధి విరాళంతో విశ్వకిరణ పరిశోధన విభాగం ఏర్పాటైంది. 1941లో 31 ఏళ్ల వయసులో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కింది. మరుసటి ఏడాది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆడమ్స్ బహుమతి ప్రకటించింది. విక్రమ్ సారాభాయ్‌తో పరిచయం బెంగళూరులోనే బలపడింది. తరువాత గణితంలో ప్రపంచఖ్యాతి పొందిన హరీష్ చంద్ర అక్కడ ఆయన వద్ద పనిచేశారు.

ఆ అయిదేళ్లలో భాభా మనసు మారింది. పాశ్చాత్య దేశాల్లో ఉన్నటువంటి పరిశోధన సంస్థ స్వదేశంలోనూ ఉంటే వెళ్లనక్కర్లేదని, అలాంటిది లేకపోతే దాన్ని నిర్మించడమే తన విధి అని నిశ్చయించుకున్నారు. 1944 మార్చి 12న టాటా ధర్మనిధికి ఒక లేఖ రాశారు. మౌలిక భౌతికశాస్త్రంలో ఉన్నతస్థాయి పరిశోధన కేంద్రం నెలకొల్పాలని ప్రతిపాదించారు. అణుశక్తితో విద్యుత్తు తీసే రోజు మరో ఇరవై ఏళ్లలో వస్తే నిపుణుల కోసం భారతదేశం పరదేశాల వైపు చూడనక్కర్లేకుండా తన బిడ్డలే సిద్ధంగా ఉండాలన్నది అందులోని ముఖ్యాంశం. హిరోషిమాపై బాంబు పడటానికి దాదాపు 17 నెలల ముందు ఈ లేఖ రాయడం విశేషం. స్వాతంత్ర్యం రావడానికి ఇంకా మూడేళ్లకు పైగా వ్యవధి ఉంది.

ధర్మనిధి అంగీకరించింది. 1945 జూన్‌లో బెంగళూరులో టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) పని ప్రారంభించింది. అదే ఏడాది డిసెంబరులో బొంబాయి పెడ్డార్ రోడ్డులోని కెనిల్‌వర్త్ బంగ్లాకు మారింది. భాభా జన్మించిన ఇల్లే అది. కొలాబా సముద్రతీరంలో నిర్మించిన శాశ్వత భవనాన్ని 1962 జనవరి 15న ప్రధాని నెహ్రూ ప్రారంభించారు.

తెలుగు కుటుంబంలో పుట్టిన అల్లాడి రామకృష్ణన్ ఈ సంస్థలో తొలి రోజుల్లో చేరినవారిలో ఒకరు. నెల్లూరు జిల్లా పూడూరుకు చెందిన న్యాయకోవిదుడు, రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కుమారుడాయన. భాభా వద్ద విశ్వకిరణాల జల్లు సిద్ధాంతంపై పనిచేశారు. తరువాత 1962లో మద్రాసులో గణిత విజ్ఞాన సంస్థను స్థాపించారు.

నీటికొలనులో అప్సర

స్వాతంత్ర్యానంతరం 1948లో అణుశక్తి చట్టం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఏర్పడిన అణుశక్తి సంఘానికి భాభా అధ్యక్షులయ్యారు. 1954లో అణుశక్తి శాఖను ఏర్పాటుచేసి ఆయననే కార్యదర్శిగా నియమించారు. ఆ శాఖ నేరుగా ప్రధాని కింద పనిచేసేది. అదే ఏడాది పద్మభూషణ్ పురస్కారం లభించింది. బొంబాయి శివార్లలో ట్రాంబే వద్ద కొండకూ సముద్రానికీ నడుమ అణుశక్తి సంస్థ రూపుదిద్దుకోసాగింది.

కేంబ్రిడ్జిలో అయిష్టంగా చదివిన చదువు ఇక్కడ అక్కరకు వచ్చింది. అణు రియాక్టరు నిర్మాణంలో భౌతికశాస్త్రం పాలు కొంతే. కేంద్రకాలు చీలి గొలుసు చర్య సాగేలా ఇంధనాన్ని ఎంత దూరంలో, ఎంత మేర అమర్చాలన్నది భౌతికశాస్త్రం చెబుతుంది. పుట్టిన వేడిని ఎప్పటికప్పుడు తీసివేయడం, పంపులు, గొట్టాలు, కవాటాలు, వేడికీ ఒత్తిడికీ వికిరణానికీ తట్టుకొనే లోహాలు, క్షణంలో చర్యను ఆపగల నియంత్రణ కడ్డీలు.. ఇవన్నీ ఇంజినీరింగు పనులు. రెండు శాస్త్రాల భాషా తెలిసిన నాయకుడు కావడం వల్ల భాభా ఇంజినీర్లతో నకళ్ల ముందు, శాస్త్రవేత్తలతో సమీకరణాల ముందు ఒకే చొరవతో కూర్చోగలిగేవారు.

1955 మార్చిలో ఈతకొలను తరహా రియాక్టరు కట్టాలన్న నిర్ణయం జరిగింది. సుమారు 8 మీటర్ల లోతైన నీటికొలనులో ఇంధనాన్ని వేలాడదీస్తారు. న్యూట్రాన్ల వేగం తగ్గించడం, వేడిని మోసుకుపోవడం, పైనున్న మనుషులను వికిరణం నుంచి కాపాడటం.. ఈ మూడు పనులనూ ఆ నీరే చేస్తుంది. ఇంధనం మాత్రం బ్రిటన్ నుంచి వచ్చింది. రూపకల్పన, నిర్మాణం, నియంత్రణ పరికరాలు భారతీయ ఇంజినీర్లవే. 1956 ఆగస్టు 4 మధ్యాహ్నం రియాక్టరులో గొలుసు చర్య మొదలైంది. సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే ఆసియాలో అదే మొదటి రియాక్టరు. నీటి అడుగున వెలిగే నీలికాంతిని చూసి నెహ్రూ దానికి అప్సర అని పేరు పెట్టారు. యాభై ఏళ్లు దాటిన దశలో, 2009లో దాన్ని నిలిపివేశారు. నవీకరించిన అప్సర 2018లో పని మొదలుపెట్టింది.

1960లో కెనడా సహకారంతో 40 మెగావాట్ల సైరస్ రియాక్టరు, 1961లో జెర్లీనా ప్రారంభమయ్యాయి. నిర్మాణ స్థలంలో చెట్టు అడ్డొస్తే నరకనిచ్చేవారు కాదు. వేళ్లతో సహా పెకలించి మరోచోట నాటించేవారు. ట్రాంబే తోటల నమూనాలను భాభా స్వయంగా పర్యవేక్షించారు.

మోగల్లు నుంచి ట్రాంబేకు

భాభా సహచరుల్లో మన జిల్లావాసి ఒకరు ముఖ్యపాత్ర వహించారు. పాలకోడేరు మండలం మోగల్లు గ్రామంలో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు ఆయన. అందరికీ ఎ.ఎస్.రావుగా సుపరిచితులు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించారు. టాటా విద్యార్థి వేతనంతో అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగు చదివారు. తిరిగివచ్చి భాభా బృందంలో చేరారు.

రియాక్టరులో ఏం జరుగుతోందో కంటితో చూసి తెలుసుకొనే వీలుండదు. న్యూట్రాన్ల సంఖ్యను ప్రతిక్షణం లెక్కించే ఎలక్ట్రానిక్ పరికరాలే ఆపరేటరుకు కళ్లు. అప్సర కోసం ఆ పరికరాలను, నియంత్రణ వ్యవస్థను ఎ.ఎస్.రావు ఆధ్వర్యంలోని విభాగమే తయారుచేసింది. కొనడానికి వీలున్నా చేసుకొని నేర్చుకోవాలన్నది భాభా పద్ధతి. 1963లో ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. ఎలక్ట్రానిక్ పరిశ్రమలో దేశం స్వయంసమృద్ధి సాధించే మార్గాన్ని ఆ కమిటీ నివేదిక సూచించింది. ఆ దారిలోనే 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) ఏర్పడింది. దానికి తొలి మేనేజింగ్ డైరెక్టరు ఎ.ఎస్.రావే. హైదరాబాదులోని ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరిట వెలసిందే. 1972లో పద్మభూషణ్ అందుకున్న ఆయన 2003లో కన్నుమూశారు.

తీరపు ఇసుకతో మూడంచెల దారి

దేశంలో యురేనియం నిల్వలు పరిమితం. కేరళ మొదలుకొని మన శ్రీకాకుళం, విశాఖ తీరాల దాకా సముద్రపు ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలో థోరియం మాత్రం పుష్కలం. థోరియం నేరుగా ఇంధనం కాదు. దాన్ని ముందు యురేనియం-233గా మార్చుకోవాలి. ఈ లెక్కతో 1950ల్లో భాభా మూడంచెల ప్రణాళిక వేశారు. మొదటి అంచెలో సహజ యురేనియం, భారజలంతో నడిచే రియాక్టర్లు విద్యుత్తునిస్తూ ప్లుటోనియం తయారుచేస్తాయి. రెండో అంచెలో ఆ ప్లుటోనియంతో నడిచే ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లు ఖర్చుచేసిన దానికన్నా ఎక్కువ ఇంధనం పుట్టిస్తాయి. మూడో అంచెలో థోరియం రంగప్రవేశం చేస్తుంది.

ఈ ప్రణాళిక కొమ్మలు తెలుగు నేల మీదా విస్తరించాయి. రియాక్టర్లకు ఇంధన కడ్డీలు చేసే అణు ఇంధన సముదాయం 1971లో హైదరాబాదులో ఏర్పడింది. మణుగూరు వద్ద భారజల కర్మాగారం వచ్చింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని తవ్వారు. కల్పాక్కంలో నిర్మించిన 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరులో 2024 మార్చిలో కోర్ లోడింగ్ మొదలైంది. అంటే రెండో అంచె గడప వద్దకు చేరడానికే దాదాపు 70 ఏళ్లు పట్టింది.

ఇంజినీర్లకు అణు బడి

ఆనాడు మన విశ్వవిద్యాలయాల్లో అణు ఇంజినీరింగు పట్టా అన్నదే లేదు. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ పట్టభద్రులకు కేంద్రక భౌతికం తెలియదు. భౌతికశాస్త్రం చదివినవారికి యంత్రాలు తెలియవు. ఈ లోటు తన కేంబ్రిడ్జి అనుభవం వల్ల భాభాకు బాగా తెలుసు. 1957 ఆగస్టులో ట్రాంబేలో శిక్షణ పాఠశాల ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి పట్టభద్రులను ఎంపికచేసి, ఏడాది పాటు వేతనమిచ్చి, రెండు శాస్త్రాలనూ నేర్పి, తరువాత ఉద్యోగంలోకి తీసుకోవడం ఆ పాఠశాల విధానం. యంత్రశాస్త్రం చదివినవారికి రియాక్టరు భౌతికం, భౌతికశాస్త్రం చదివినవారికి ఇంజినీరింగు మూలాలు అక్కడ బోధపడతాయి.

బెంగళూరులో మెకానికల్ ఇంజినీరింగు చదివి కెనడాలో డాక్టరేటు పొందిన ఎం.ఆర్.శ్రీనివాసన్ వంటివారు 1955లోనే వచ్చి అప్సర నిర్మాణంలో పాల్గొన్నారు. తరువాతి కాలంలో ఆయన అణుశక్తి సంఘానికి అధ్యక్షులయ్యారు. 2025లో కాలధర్మం చెందారు. శిక్షణ పాఠశాల నేటికీ కొనసాగుతోంది. ఇంజినీరింగు పట్టభద్రులు గేట్ మార్కుల ఆధారంగా మౌఖిక పరీక్షకు అర్హత పొంది అందులో చేరవచ్చు.

పొగడ్తలే కాదు..

1955 ఆగస్టులో జెనీవాలో జరిగిన శాంతియుత అణుశక్తి వినియోగ తొలి అంతర్జాతీయ మహాసభకు భాభా అధ్యక్షత వహించారు. సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీన చర్యను అదుపుచేసి శక్తి పొందే మార్గం రెండు దశాబ్దాల్లో దొరుకుతుందని ఆ వేదికపై అంచనా వేశారు. అది ఇప్పటికీ నెరవేరలేదు. అణువిద్యుత్తు చవకగా, విస్తారంగా అందుతుందన్న ఆశ కూడా ఆయన అనుకున్న స్థాయిలో ఫలించలేదు. దేశ విద్యుదుత్పత్తిలో దాని వాటా సుమారు 3 శాతం దగ్గరే ఉంది.

పరిశోధనను విశ్వవిద్యాలయాలకు దూరంగా ప్రత్యేక సంస్థల్లో కేంద్రీకరించడాన్ని, రహస్య పాలనను కలకత్తా శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా తీవ్రంగా విమర్శించారు. ఆ చర్చ నేటికీ ముగియలేదు. 1964 అక్టోబరులో చైనా అణుబాంబు పరీక్షించిన తరువాత ఆయుధాల విషయంలో దేశంలో వాదోపవాదాలు పెరిగాయి. తలచుకుంటే భారత్ కూడా స్వల్పకాలంలో బాంబు తయారుచేయగలదని భాభా బహిరంగంగానే ప్రకటించారు. 1974 మే 18న పోఖ్రాన్‌లో జరిపిన పరీక్షకు వాడిన ప్లుటోనియం సైరస్ రియాక్టరులో తయారైనదే. శాంతి కోసమని కెనడా ఇచ్చిన రియాక్టరు కావడంతో ఆ దేశం అణు సహకారాన్ని నిలిపివేసింది. ఆ తరువాత రియాక్టర్లను సొంతంగా కట్టుకోక తప్పలేదు. భాభా శిక్షణ పాఠశాలలో తయారైన ఇంజినీర్లు ఆ భారం మోశారు.

మంచుకొండపై ముగింపు

భాభా అవివాహితుడు. బొంబాయి మలబార్ హిల్‌లో మెహ్రాంగీర్ అనే ఇంట నివసించారు. తల్లిదండ్రుల పేర్లు కలిపి ఆ ఇంటికి పెట్టిన పేరది. చిత్రాలు గీయడం, పాశ్చాత్య సంగీతం వినడం చివరిదాకా మానలేదు. టీఐఎఫ్ఆర్ గోడలకు యువ చిత్రకారుల చిత్రాలు కొని పెట్టించారు. ఎం.ఎఫ్.హుసేన్ గీసిన పెద్ద కుడ్యచిత్రం వాటిలో ఒకటి. 1962లో విక్రమ్ సారాభాయ్ నాయకత్వాన అంతరిక్ష పరిశోధన కమిటీ ఏర్పడటానికి అండగా నిలిచిందీ భాభాయే. ఇస్రోకు అదే బీజం.

1966 జనవరిలో వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సలహా సంఘం సమావేశానికి ఆయన బయలుదేరారు. ఎయిరిండియాకు చెందిన కాంచన్‌జంగ అనే బోయింగ్ 707 విమానం ఢిల్లీ, బీరూట్‌ల మీదుగా జెనీవా వెళ్తోంది. జనవరి 24 ఉదయం దిగడానికి సన్నద్ధమవుతూ ఫ్రాన్స్‌లోని మాంట్ బ్లాంక్ పర్వతాన్ని ఢీకొంది. విమానంలోని 117 మందీ మరణించారు. పర్వతాన్ని దాటామా లేదా అన్న విషయంలో పైలటుకు, నేలపై ఉన్న నియంత్రణ అధికారికి మధ్య కలిగిన పొరపాటు అవగాహన ప్రమాదానికి దారితీసిందని దర్యాప్తులో తేలింది. విమానంలోని దిక్సూచక పరికరాల్లో ఒకటి పనిచేయడం లేదని కూడా వెల్లడైంది. కుట్ర జరిగిందన్న ప్రచారం అప్పుడప్పుడూ వినిపించినా దానికి ఆధారాలు దొరకలేదు. లాల్ బహదూర్ శాస్త్రి మరణించి రెండు వారాలు కాలేదు. ఇందిరాగాంధీ ప్రధానిగా ప్రమాణం చేసిన రోజూ అదే.

ట్రాంబే సంస్థకు 1967 జనవరిలో భాభా అణు పరిశోధన కేంద్రం అని పేరు పెట్టారు. ఆయన నివసించిన మెహ్రాంగీర్ 2014లో వేలంలో 372 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. స్మారకంగా నిలపాలని శాస్త్రవేత్తలు కోరినా ఫలితం లేకపోయింది. తరువాత దాన్ని కూల్చివేశారు.

ప్రమాదం జరిగిన కొండ దిగువన బాసోన్ హిమానీనదం ఉంది. మంచు కరిగే కొద్దీ విమానం సామాను బయటపడుతోంది. 2012లో దౌత్య ఉత్తరాల సంచి దొరికింది. 2020 జులైలో అక్కడి స్థానికుడొకరికి భారతీయ దినపత్రికలు కొన్ని లభించాయి. 54 ఏళ్లు మంచులో ఉన్నా వాటిలో అక్షరాలు చెదరలేదు. ఇందిరాగాంధీ ప్రధాని పదవికి ఎన్నికయ్యారన్న వార్త అందులో పతాక శీర్షికగా ఉంది.